డ్రైవరు సీట్లో అత్తగారు

దారం మేస్త్రి బతుకులో వంక పెట్టడానికి వీల్లేనివి రెండే: బండి పక్కన అతడు బిగించి కట్టే దారం, అతని అత్తగారి మాట. దారం తెగితే ముడి వేసుకోవచ్చు. మాటకు ఆ వెసులుబాటు లేదు.

అతనికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. స్టీరింగు పని చేసేవాడికి అంత అలంకారం దేనికని జనం దాన్ని ఎప్పుడో మరిచిపోయారు. బండికి రెండు పక్కలా చక్రం నడుమెత్తున దారం లాగి కట్టి, ఆ దారానికీ చక్రపు అంచుకూ మధ్య దూరం ముందు వైపు ఎంత, వెనక వైపు ఎంత అని ఉక్కు స్కేలుతో కొలిచి, చక్రాలు నేరుగా నిలిచేలా అలైన్‌మెంట్ చేస్తాడు కనుక దారం మేస్త్రి అయ్యాడు. షెడ్డు రేకులది, తలుపు ఒంటి రెక్కది. నేల మాత్రం నీళ్ల గొట్టంతో మట్టం చూసి అతడు స్వయంగా పోసుకున్నది. ఆ సిమెంటు మీద నీటిబొట్టు పడితే ఎటు పోవాలో తోచక నిలబడిపోతుందని అతని గొప్ప. పెళ్లి మాటలు మాట్లాడడానికి వెళ్లిన నాడు కూడా అతని కన్ను పిల్ల మీద కాక ఆ ఇంటి కిటికీ మీద పడింది. కిటికీ ఒక పక్కకు వాలి ఉందని ఉండబట్టలేక అననే అన్నాడు. "కిటికీ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు మెడ సరిగ్గా పెట్టుకు కూర్చోండి" అంది కాబోయే అత్తగారు. ఇలాంటి ఇంటికి అల్లుడు కావడం తప్ప తనకు గత్యంతరం లేదని అతడికి ఆ క్షణమే అర్థమైంది.

"ఖాళీ బండికి చేసిన అలైన్‌మెంటు ఖాళీ బండికే పనికొస్తుంది" అన్నది మేస్త్రి సిద్ధాంతం. నడిపే మనిషి బరువు పడితే స్ప్రింగు దిగుతుంది. స్ప్రింగు దిగితే చక్రాల నిలకడ మారుతుంది. కాబట్టి పని జరిగినంతసేపూ డ్రైవరు సీట్లో బరువుండాలి. మొదట్లో ఇసుక సంచులు పెట్టేవాడు. అవి కారిపోయి సీటు సందుల్లో ఇసుక చేరితే, "బండిని బాగుచేశావా, ఏట్లో కడిగావా?" అని యజమానులు నిలదీసేవారు. ఒక మధ్యాహ్నం అత్తగారు అన్నం క్యారియరు తీసుకుని వచ్చింది. షెడ్డులో ఉన్న ఒక్క స్టూలుకూ గ్రీజు పట్టి ఉండడం చూసి, ఎదురుగా ఉన్న బండి డ్రైవరు సీటెక్కి కూర్చుంది. కూర్చున్నది ఊరుకోక, ఆ చోట కూర్చున్నవాళ్లు చేయవలసిన పని అదే కనుక, స్టీరింగు పట్టుకుంది. ఆనాడు కుదిరినంత బాగా అలైన్‌మెంటు అంతకుముందెన్నడూ కుదరలేదు. ఆ రోజుతో ఇసుక సంచుల ఉద్యోగం ఊడింది.

పెద్ద షాపుల్లో స్టీరింగు కదలకుండా ఒక ఇనుప కడ్డీ బిగిస్తారు. దానికి నోరుండదు. ఇక్కడ ఆ బాధ్యత వహించిన అత్తగారికి ఆ లోపం లేదు. పరాయివాళ్ల బండి కదా అని చెప్పులు కింద విడిచి, ఇంటినుంచి తెచ్చుకున్న దిండు వేసుకుని, సింహాసనం అధిష్ఠించినట్టు కూర్చుని, అద్దంలోంచి వీధి మొత్తాన్ని పరిపాలించేది.

"అల్లుడుగారూ, ఆ బట్టలకొట్టాయన మళ్లీ తలకి రంగేశాడు. ఈసారి చెవులక్కూడా వేశాడు."

"అత్తయ్యా, స్టీరింగు కదపకండి."

"నేను కదపలేదండీ. ఆయన్ని చూసి అదే ఉలిక్కిపడింది."

ఇక్కడ ఒక డ్రైవరమ్మ సంగతి చెప్పాలి. నీటి సరఫరా కార్యాలయంలో ఒక పాత ఫోర్‌ వీల్ డ్రైవ్ బండి ఉంది. కొండ మీది పంపు దగ్గరకు గులకరాళ్ల దారిలో పనివాళ్లను ఎక్కించుకుపోవాలంటే నాలుగు చక్రాలూ లాగే ఆ బండే దిక్కు, దాన్ని ఎక్కించాలంటే ఆ డ్రైవరమ్మే దిక్కు. ఆమె పైఅధికారికి ఈ రెండో దిక్కు మొదటినుంచీ గిట్టదు. లోకం తీరే అంత. బండి వంకర పోతే, నడిపేవాడు మగాడైనప్పుడు రోడ్డు బాగాలేదంటారు. ఆడదైనప్పుడు చెయ్యి బాగాలేదంటారు. ఈ న్యాయం ఏ చట్టంలో ఉందో అడిగితే చెప్పేవాడుండడు, అమలు చేసేవాళ్లు మాత్రం ప్రతి కార్యాలయంలోనూ ఉంటారు.

ఆ బండి స్టీరింగు కింద పళ్లచక్రాలుండే పెట్టె నూనె కారుతోంది, అక్కడినుంచి చక్రాలను తిప్పే కడ్డీల చివరి కీళ్లు లొడలొడలాడుతున్నాయి. మేస్త్రి పెట్టె విప్పి నూనె ఆపే సీళ్లు మార్చాడు, కీళ్లు మార్చాడు, అత్తగారిని ఎక్కించి అలైన్‌మెంటు చేశాడు. పైన పంపు ఆగిపోయిందని కబురు రావడంతో, అతడు రోడ్డు మీద ఒకసారి తిప్పి చూసేలోగానే డ్రైవరమ్మ బండి తీసుకుపోయింది. మర్నాడే తిరిగి వచ్చింది. బండి దిగిన తీరులోనే కొట్లాట కనిపించింది.

"అన్నా, ఏం చేశావన్నా దీన్ని? నేరుగా పోవాలంటే స్టీరింగు ఎడమకి తిప్పి పట్టుకోవాలి. స్టీరింగు సరిగ్గా పెడితే బండి కుడికి పోతుంది. పైగా వదులు. నడిపినట్టు లేదు, తెడ్డేసినట్టుంది."

"అలా అవదే."

"అయింది. మా సారు పక్కన కూర్చుని నా చేతులకేసే చూశాడు."

"రోడ్డుకేసి చూడొచ్చుగా?"

"ఆయనకి రోడ్డు అలవాటు లేదన్నా. కాగితమే అలవాటు." ఆమె జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది.

అందులో ఇలా ఉంది: 'వాహనము ఋజుమార్గమున పోవుటలేదని గమనింపబడినందున, సోమవారమునాడు చోదకురాలి సామర్థ్యము స్వయముగా పరీక్షింపబడును. లోపము కనిపించినచో ఆమెను తాళముల గదికి మార్చబడును.' చివరి వాక్యం కూడా ఋజుమార్గమున పోవడం లేదని అధికారికి తోచినట్టు లేదు.

"తాళాల గదంటే?"

"కిటికీ లేని గది. గోడ నిండా తాళాలు. అడిగినవాళ్లకి తీసివ్వాలి, తెచ్చినవాళ్ల దగ్గర పుచ్చుకోవాలి. ఇన్నేళ్లు కొండెక్కినదాన్ని, నన్ను తీసుకెళ్లి మేకుకి తగిలిస్తారట."

"తప్పు నా షెడ్డుది. నేనొచ్చి చెప్తా."

"చెప్తే నమ్ముతాడా? మేస్త్రిని అన్నా అన్నా అని మంచి చేసుకుందంటాడు. నువ్వు మాటలు చెప్పకు. బండి సరిచెయ్యి."

మేస్త్రి బండి తీసుకుని వీధి చివరిదాకా నడిపాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. బండి నేరుగా పోతోంది, స్టీరింగు మాత్రం చెవి ఒగ్గి వినేవాడి తలలా ఎడమకు వాలి ఉంది. స్టీరింగు పెట్టెకు నడిమధ్యలోనే పట్టు ఉంటుంది. మధ్య తప్పితే లోపలి పళ్లు వదులుగా ఉంటాయి. అందుకే ఆ తెడ్డేసిన తీరు. కాని మధ్య ఎక్కడ తప్పింది? స్టీరింగు సమంగా పట్టి ఉంచి, చక్రాలు నేరుగా పెట్టి, కడ్డీ బిగించింది తన చేత్తోనే కదా?

మళ్లీ దారాలు కట్టాడు. మళ్లీ అత్తగారిని ఎక్కించాడు. తాను చక్రం దగ్గర నేల మీద బోర్లా పడుకుని అరిచాడు.

"అత్తయ్యా, స్టీరింగు సమంగా ఉందా?"

"సమంగానే ఉంది. మీ మనసే సమంగా లేదు, అల్లుడుగారూ."

కడ్డీ బిగించాడు. అత్తగారు స్టీరింగును ఊతంగా పట్టుకుని కిందికి దిగింది. రోడ్డు మీదికి తీస్తే, మళ్లీ అదే వంకర. ఎక్కువా కాదు, తక్కువా కాదు. సంతకంలా అచ్చం అంతే.

అప్పటినుంచి మేస్త్రి అనుమానం పట్టిన మొగుడిలా తయారయ్యాడు. కొత్తగా వేసిన కీళ్లను అనుమానించాడు. ఊడదీసి మళ్లీ వేశాడు. పెట్టెను అనుమానించాడు, విప్పి పళ్లు ఒక్కొక్కటీ తడిమి చూశాడు. టైర్లను అనుమానించి కుడిదాన్ని ఎడమకూ ఎడమదాన్ని కుడికీ మార్చాడు. చివరికి తాను పోసుకున్న నేలనే అనుమానించి, నీటిబొట్టు వేసి చూశాడు. బొట్టు ఎటూ పోకుండా నిలబడి అతణ్ని అవమానించింది. ఎదురుగా ఉన్న, ఇదే పని కంప్యూటరుతో చేసే షాపుకు పొమ్మని చెప్పడానికీ లేదు, ఆ బండి ఎత్తుకు వాళ్ల కప్పు చాలదు. బానెట్టు నుంచి వెనక బంపరు దాకా అతడు అనుమానించని చోటు లేదు. ఒక్క డ్రైవరు సీటు తప్ప. అక్కడ ఉన్నది అత్తగారు. ఆవిడ మీద అనుమానం వచ్చేంత ధైర్యం అతని అనుమానానికి కూడా లేదు.

ఇంట్లో భార్య మొత్తుకుంది. "ఏవండీ, మంచం కాళ్లు కొలుస్తున్నారేంటి?"

"ఈ మంచం కొంచెం..."

"మంచం బాగానే ఉంది. మీకే నిద్రలేదు. అమ్మని కూడా అన్నిసార్లు ఎక్కించి దించకండి. ఈమధ్య తనకీ నిద్ర పట్టట్లేదు."

"ఎందుకని?"

"అడిగితే దోమలంటుంది. మన గదిలో లేని దోమలు ఆ గదిలోనే ఉన్నాయా?"

ఆ మాట మేస్త్రి చెవిలో పడింది గాని బుర్రలోకి దిగలేదు. అక్కడ కడ్డీలూ కీళ్లూ కిక్కిరిసి ఉన్నాయి.

ఆదివారం వచ్చింది. మర్నాడే పరీక్ష. డ్రైవరమ్మ పొద్దున్నే వచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. అత్తగారు సింహాసనం మీద ఉంది. మేస్త్రి ముందు చక్రం పక్కన వెల్లకిలా పడుకుని, ఇంకేం విప్పాలో తోచక తల పక్కకు తిప్పాడు. సరిగ్గా కంటి ఎత్తున అత్తగారి చెప్పులు.

టైరు చూసి బండి కథ చెప్పడం అతని వృత్తి. లోపలి అంచు అరిగితే ఒక జబ్బు, బయటి అంచు అరిగితే ఇంకో జబ్బు, ఒక్క టైరే అరిగితే మరో జబ్బు. ఆ చెప్పుల జతను అతడు అలవాటు కొద్దీ టైర్ల జతను చూసినట్టే చూశాడు. ఎడమ చెప్పు మడమ బయటి అంచు పలచబడి, కింది పొర కనిపిస్తోంది. కుడి చెప్పు అంగట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. ఒకే రోజు వేసిన రెండు టైర్లలో ఒకటి అరిగి ఒకటి కొత్తగా ఉందంటే, బండి బరువంతా ఒక పక్కే మోస్తోందని అర్థం.

మేస్త్రి మెల్లగా లేచి, బండికి ఎదురుగా నిలబడి, అద్దంలోంచి లోపలికి చూశాడు. అత్తగారు ఎడమకు ఒరిగి కూర్చుంది. తల ఎడమకు, భుజాలు ఎడమకు. ఎడమ చెయ్యి కిందికి దిగింది, కుడి చెయ్యి పైకి లేచింది. వాటితోపాటు స్టీరింగు కూడా ఎడమకు వాలింది. ఒకదానికొకటి అన్నీ సమంగానే ఉన్నాయి. లోకానికి మాత్రమే సమంగా లేవు.

కారణం దొరికింది. చెప్పడం ఎలా? ఆవిడ మాటకు వంక పెట్టినవాడు ఆ కుటుంబంలో ఇంతవరకూ లేడు. పెట్టబోయిన పెద్దల్లుడు ఇప్పటికీ ఫోనులో 'అత్తయ్యగారు నిద్రపోయారా?' అని కనుక్కున్నాకే మాట మొదలుపెడతాడు. మేస్త్రి ఒకసారి డ్రైవరమ్మ వైపు చూశాడు. ఆమె ఈపాటికి రెండో చేతి గోళ్లకు వచ్చింది. అతడు వంగి, చెప్పుల జత తీసి, తుడిచి, బానెట్టు మీద పక్కపక్కన పెట్టాడు.

అత్తగారి కళ్లు పెద్దవయ్యాయి. "నా చెప్పులు అక్కడ పెట్టారేం? అమ్మకానికా?"

"ఈ జత ఎప్పుడు కొన్నాం అత్తయ్యా?"

"మీరు కొనలేదు. మా అమ్మాయి కొంది."

"ఒకటి అరిగింది. ఒకటి అరగలేదు."

"ఒకటి మంచిది, ఒకటి మంచిది కాదు. అల్లుళ్లలోనూ అంతే. నేనేమన్నా అంటున్నానా?"

గుమ్మంలో డ్రైవరమ్మ కిసుక్కున నవ్వింది. మేస్త్రి నవ్వలేదు.

"మీరు కుడికాలు మీద బరువు వెయ్యట్లేదు అత్తయ్యా."

"ఎవరన్నారు?"

"టైరంది."

అత్తగారు నోరు తెరిచి, మళ్లీ మూసింది. ఆ నోరు తెరుచుకుని ఏమీ అనకుండా మూసుకోవడం మేస్త్రి మొదటిసారి చూశాడు. అతనికి భయం వేసింది.

"స్నానాలగదిలో జారాను" అంది ఆవిడ, బట్టలకొట్టు వైపు చూస్తూ. "తుంటి దగ్గర. పోతుందిలే అనుకున్నా. పోలేదు. ఇటు ఒరిగితే కొంచెం నయంగా ఉంటుంది."

"మాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏం చేస్తారు? మంచం ఎక్కిస్తారు. మా అమ్మాయి వచ్చి మంచినీళ్లు కావాలా అంటుంది. మీరు సాయంత్రం గుమ్మంలో నిలబడి, ఎలా ఉందండీ అంటారు. తర్వాత ఏముంది నాకు చూడ్డానికి? గోడ. ఇక్కడైతే వీధంతా నా ముందుంటుంది. బండి నా చేతిలో ఉంటుంది. కదలకపోతేనేం, నా చేతిలోనే ఉంటుంది కదా?"

డ్రైవరమ్మ దగ్గరకు వచ్చి కిటికీ మీద చెయ్యి వేసింది. "తాళాల గదిలోనూ గోడే పెద్దమ్మా."

అత్తగారు ఆమెను చూసింది, అల్లుణ్ని చూసింది, చేతిలో ఉన్న స్టీరింగును చూసింది. లెక్క కుదరడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు.

"అంటే నీ సీటు నా మూలంగా పోతోందా?"

డ్రైవరమ్మ మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి చెప్పుల వైపు చూశాడు.

"ఇద్దరూ అలా బొమ్మల్లా నిలబడతారేం? దిగుతాను. చెయ్యివ్వండి." మేస్త్రి చెయ్యి అందించాడు. "అటు కాదండీ, కుడివైపు! నొప్పి ఎటని ఇంతసేపూ ఉపన్యాసం చెప్పింది మీరేగా!"

ఆవిడ చెయ్యి అందుకుని దిగడం అదే మొదలు. దిగేటప్పుడు పళ్ల బిగువున ఎంత ఆపుకున్నా మూలుగు బయటికి వచ్చింది. అన్నాళ్లుగా తాను లెక్కలేనన్నిసార్లు ఎక్కించి దించిన సంగతి గుర్తుకొచ్చేసరికి మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. బండి నడిపే మనిషి ఎదురుగా ఉండగా సీట్లో వేరే బరువెందుకన్న ఆలోచన ఇన్నేళ్లలో ఆ షెడ్డులో ఎవరికీ రాలేదు. వాడుక అంటే ఇదే. బుద్ధికి ఒకసారి దిండు వేసి కూర్చోబెడితే, అది ఇక లేవదు. డ్రైవరమ్మ తన సీట్లో తాను కూర్చుంది. మేస్త్రి స్టీరింగును ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి, సగానికి తెచ్చి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఒక చెక్క అడ్డంగా వేసి తాడుతో కట్టేశాడు. పెట్టెలోని పళ్లు నడిమధ్యకు వచ్చాయి. అక్కడినుంచి చక్రాలకు పోయే కడ్డీని కొద్దికొద్దిగా తిప్పి పొడుగు సరిచేస్తూ, దారానికీ చక్రానికీ మధ్య దూరం ముందూ వెనకా ఒకటయ్యేదాకా స్కేలు పట్టుకుని అటూ ఇటూ పాకాడు. గ్రీజు స్టూలు మీద కాగితాలు పరిపించుకుని బండికెదురుగా కూర్చున్న అత్తగారు అంతా చూస్తోంది.

"ఇప్పుడు చెప్పండత్తయ్యా. స్టీరింగు సమంగా ఉందా?"

"నన్నెందుకండీ అడగడం? నేను అలైన్‌మెంటు ఔటైన బండిని."

"అడుగుతున్నాగా. చెప్పండి."

ఆవిడ కళ్లు చికిలించింది. "ఒక పక్కకి ఒరిగింది."

"అది మీరు."

"అయితే సమంగా ఉంది."

రోడ్డు మీదికి తీస్తే బండి గీత గీసినట్టు పోయింది. డ్రైవరమ్మ వీధి చివర చేతులు రెండూ ఒక్క లిప్తపాటు స్టీరింగు మీదినుంచి తీసి, మళ్లీ పెట్టి, బండి ఆపి, పక్కన కూర్చున్న మేస్త్రి వీపు మీద ఒక్క చరుపు చరిచింది. స్నేహంతోనే కొట్టింది గాని, తాను నూతి చేదలా ఊగిపోయానని అతడు తర్వాత చెప్పుకున్నాడు.

సోమవారం అధికారి బండెక్కాడు. ఎక్కినప్పటినుంచీ అలవాటు ప్రకారం ఆమె చేతులకేసి చూశాడు. చేతులు సమంగా ఉన్నాయి, స్టీరింగు సమంగా ఉంది; చూడడానికి అక్కడ ఏమీ లేదు. ఎంతసేపని ఏమీ లేనిదాన్ని చూస్తాడు? కొండ దారిలో మొదటి మలుపు దగ్గర, గత్యంతరం లేక, ఉద్యోగంలో చేరిన తర్వాత మొట్టమొదటిసారిగా రోడ్డుకేసి చూశాడు. ఒక పక్క కొండ, ఒక పక్క గాలి. తాను ఇన్నాళ్లూ జనాన్ని పంపిస్తున్న దారి ఇదేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

"చాలు, చాలు. తిప్పు."

"ఇక్కడ తిరగదు సార్. పైదాకా పోవాలి."

పైదాకా పోయారు. ఆయన కళ్లు మూసుకునే పోయాడు. సాయంత్రానికి పాత కాగితం కింద ఒక వాక్యం చేరింది: 'పరీక్ష సంతృప్తికరము; మరల జరుపనవసరము లేదు.' తాళాల గదికి మరొకరిని వెతుక్కోవలసి వచ్చింది. సామర్థ్యం శంకించడానికి కార్యాలయాల్లో మనుషులకు కొదవ ఉండదు.

ఆ సాయంత్రమే ఆ బండి మేస్త్రి ఇంటి ముందు ఆగింది. కార్యాలయం బండిని సొంత పనికి వాడరాదన్న నిబంధన ఉన్నమాట నిజమే. కాని అలైన్‌మెంటు చేసిన బండిని బరువు వేసి తిప్పి చూడాలన్న అవసరం కూడా ఉంది. దారిలో ఎముకల డాక్టరు ఇల్లు పడితే అది బండి తప్పు కాదు. అత్తగారు ముందు సీట్లో, డ్రైవరమ్మ పక్కన కూర్చుంది. కూతురూ అల్లుడూ వెనక కూర్చున్నారు. డాక్టరు మంచం దిగవద్దంటే ఏం చేయాలన్న ప్రశ్న బండిలో ఐదో మనిషిలా కూర్చుని ఉంది. దానితో ఎవరూ మాట కలపలేదు.

కొంతదూరం పోయాక అత్తగారే నోరు విప్పింది. "అమ్మాయ్, బండి ఎడమకి పోతోంది."

"లేదు పెద్దమ్మా. నేరుగానే పోతోంది."

"నాకు తెలియదా? అల్లుడుగారూ, మీరు చూసి చెప్పండి."

మేస్త్రి ముందుకు వంగి చూశాడు. స్టీరింగు సమంగా ఉంది. రోడ్డు నేరుగా ఉంది. బండి, అతడు కట్టిన దారంలా, దాని నడుమన పోతోంది. ముందు సీట్లో ఆవిడ చెయ్యి తలుపు పిడిని గట్టిగా పట్టుకుని ఉంది.

"అవునత్తయ్యా" అన్నాడు. "కొంచెం ఎడమకే."

"నేను చెప్పలా?" అంది అత్తగారు, ఇంకాస్త ఎడమకు ఒరిగి.